మళ్లీ డ్యూటీలో చేరే ముందు

కర్నూలు

చెల్లీ,

జూన్‌లో రిటైరైన నిన్ను జ్వరాల వార్డుకు మళ్లీ రమ్మన్నారని, అక్టోబరు నుంచి మార్చి దాకా కాంట్రాక్టని చెప్పావు. సంతోషం. 2009 వరదలో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంటికి పోకుండా డ్యూటీ చేసినదానివి, వెళ్లమని నీకు నేను చెప్పనక్కర్లేదు. నువ్వు అడిగింది పన్ను సంగతి కాబట్టి, నేను దెబ్బతిన్న చోటు ముందు చెప్తాను.

2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు నేను ఏడు నెలలు పనిచేశాను. నా పెన్షన్ నెలకు 40,000, కాంట్రాక్టు జీతం 30,000. పెన్షన్ ఏడాదికి 4,80,000. జీతం, పెన్షన్ తీసుకునేవాళ్లకు లెక్కలోంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోతే ఐదు లక్షల లోపే, పన్ను లేదు. పెన్షన్ ఇచ్చేవాళ్లు అందుకే ఏమీ కోయలేదు. జీతం ఇచ్చినవాళ్లకు కనిపించింది 2,10,000 మాత్రమే, వాళ్లూ కోయలేదు. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. రెండూ కలిపి, ఆ 50,000 తీసేస్తే 6,40,000! ఐదు లక్షలు దాటగానే రిబేటు, అంటే పన్ను మాఫీ, మొత్తం పోయింది. సెస్సుతో కలిపి 39,520 పడింది. ఆ సంగతి 2022 దసరా అయ్యాక గానీ నాకు తెలియలేదు. రిటర్న్ గడువు జూలై 31తోనే పోయింది. నెలకు 1 శాతం వడ్డీ, పైన 5,000 ఆలస్య రుసుము కట్టాను. కష్టపడి సంపాదించిన డబ్బు అలా పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

నీకు ఇప్పుడు అంత టెన్షన్ లేదు. 2025-26కి కొత్త పద్ధతిలో పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షల దాకా పన్ను పడదు, స్టాండర్డ్ డిడక్షన్ కూడా 75,000. అది మనిషికి ఒక్కసారే, పెన్షన్‌కొకటి జీతానికొకటి రాదు. నీ లెక్కలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా తీసుకున్న పాత జీతం, జూలై నుంచి పెన్షన్, అక్టోబరు నుంచి ఈ కొత్త డబ్బు, మూడూ కలపాలి. నెలకు లక్ష చొప్పున మూడు లక్షలు, పెన్షన్ 45,000 చొప్పున 4,05,000, కాంట్రాక్టు 40,000 చొప్పున 2,40,000 అనుకో. మొత్తం 9,45,000. డిపాజిట్ల మీద వడ్డీ కూడా కలుపు, మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది అదే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ఒకేసారి తీసుకునే మొత్తం), రిటైరయ్యేటప్పుడు వచ్చిన లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ మాత్రం కలపొద్దు. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకు వాటి మీద పన్ను లేదు.

సంతకం పెట్టే ముందు ఆర్డర్ నిదానంగా చదువు. నీకిచ్చేది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా? జీతమైతే పైన చెప్పిన లెక్కే. ఫీజు అని రాస్తే 10 శాతం కోసి ఇస్తారు, దాని మీద స్టాండర్డ్ డిడక్షన్ రాదు, కోసింది వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. ఇంకోటి, అరవై దాటినవాళ్లకు ముందస్తు పన్ను కట్టే పని లేదంటారు. వ్యాపారం, వృత్తి ఆదాయం లేనివాళ్లకే ఆ మినహాయింపు. ఫీజు తీసుకుంటే నీకది వర్తించదు. జీతంలో పెన్షన్ పోను మిగతాది ఇస్తామన్నారా, విడిగా పూర్తి మొత్తం ఇస్తామన్నారా అనేది కూడా చూడు.

చేరిన రోజే నీ పెన్షన్, పాత జీతం వివరాలు ఒక కాగితం మీద రాసి జీతాల బిల్లు చేసే అధికారికి (డీడీఓ) ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకో. అప్పుడు అన్నీ కలిపి లెక్క వేస్తారు. మే, జూన్ నెలల్లో అన్నిచోట్ల నుంచీ ఫారం 16, అంటే ఇచ్చిన డబ్బు, కోసిన పన్ను చూపే కాగితం, అడుగు. వాటిని 26ఏఎస్‌తో, అంటే నీ పేరు మీద జమైన పన్ను చూపే పన్నుశాఖ పట్టికతో, పోల్చకుండా ఆడిటర్ చేతికి ఇవ్వకు.

ఆర్డర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ అక్క