గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు

ప్రశ్న: మా నాయనకు 66 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మూడు నెలలకోసారి ఒంగోలులో హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం. పొగాకు వేలానికి వెళ్తే ఊళ్ల కబుర్లన్నీ మోసుకొచ్చే మనిషి, ఇప్పుడు ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అమ్మను కసురుకుంటాడు. నిద్ర లేదు. జబ్బు ముదిరిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఏం చేయాలి?
– ఒక కొడుకు, కందుకూరు దగ్గర పల్లె

జవాబు: మగవాళ్లలో దిగులు చాలాసార్లు కసురుగానో మౌనంగానో బయటపడుతుంది. అయితే ముందు ఒంటి సంగతి చూడండి. నొప్పితో ఉన్నవాడికి ఎంత ధైర్యం చెప్పినా చెవికెక్కదు. నొప్పి పదిలో ఎంతుందో పొద్దున, రాత్రి అడిగి నోటుపుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. ‘పర్లేదు’ అంటే నమ్మకండి. గట్టి నొప్పిమందైన మార్ఫిన్ రాస్తే భయం వద్దు. చెప్పిన వేళకు వేయాలి, విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదటి రోజు నుంచే కావాలని అడగండి. అది లేక మలబద్ధకంతో మార్ఫిన్ మానేసి మళ్లీ నొప్పిపాలయ్యేవాళ్లున్నారు. స్టెరాయిడ్ మాత్ర రోజుకొకటే అయితే పొద్దున తిన్నాక వేయాలి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు.

హార్మోన్ ఇంజెక్షన్‌తో ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నీరసం వస్తాయి, కోరిక చచ్చిపోతుంది, దిగులూ కమ్మొచ్చు. ఇవన్నీ మందు వల్లేనని తెలియక మగతనం పోయిందని కుమిలిపోయే మనిషి కొడుకుతో అనగలడా? డాక్టరు దగ్గర ఆయన్ని కాసేపు ఒంటరిగా వదలండి.

ఇన్ని స్కానింగులు చూసిన మనిషికి ఏమీ తెలియదనుకోవడం మీ భ్రమే. అరుగు మీద పక్కన కూర్చుని, ‘డాక్టరు ఏం చెప్పాడనుకుంటున్నావు నాయనా?’ అని అడిగి ఊరుకోండి. ఆయన అడిగినంతే చెప్పండి. కౌలు, అప్పుల లెక్కలు ఆయన చేతిలోంచి లాక్కోకండి.

రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేని మీదా మనసు లేకపోయినా మానసిక వైద్యుడికి చూపించాలి. దిగులు తగ్గడానికి ఆయన రాసే మాత్రల గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పట్టొచ్చు.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టరుకు చెప్పండి. పురుగుమందు డబ్బాలు మాత్రం అడగకముందే ఇంట్లోంచి తీసేయండి, మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416. ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఒక హెచ్చరిక: ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పినా, ఒంటేలు ఆగినా నీరసమని సరిపెట్టుకోవద్దు. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: దిగులు మాత్రలు అలవాటైపోతాయని మా ఆయన వేసుకోవడం లేదు.
– ఒక గృహిణి, ఆత్మకూరు

జవాబు: ఆ భయం నిద్రమాత్రల విషయంలో నిజం. దిగులు మాత్రలకు అలా వ్యసనపడరు. కాకపోతే ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు రావచ్చు గనుక డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఈ తేడా మీకంటే డాక్టరు చెబితేనే ఆయన వింటారేమో, ఈసారి చూపించుకునేటప్పుడు అడిగించండి.