అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో చేరితే రీసెర్చ్ దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అబ్బాయి నల్లగొండలో బీటెక్ సివిల్ ఆఖరు సంవత్సరం చదువుతున్నాడు. నీటి శుద్ధి మీద జర్మనీలో మాస్టర్స్ చేస్తానంటున్నాడు. అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో రీసెర్చ్ ఉండదని, పీహెచ్‌డీ రాదని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలంటే పరిశ్రమకు పనికొచ్చే ప్రాక్టికల్ చదువుకు ప్రాధాన్యమిచ్చేవి. వాటిలో రీసెర్చ్ ఉండదన్న మాట తప్పండి. పీహెచ్‌డీ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి.

యూరోపియన్ యూనియన్ 2021–27 కాలానికి రీసెర్చ్‌కు డబ్బిచ్చే హొరైజన్ యూరప్ పథకం పెట్టింది. అందులో ఉమ్మడి ప్రాజెక్టు కావాలంటే కనీసం మూడు దేశాల సంస్థలు కలిసి దరఖాస్తు చేయాలి. ఈ యూనివర్సిటీలు అందులో ఎక్కువగా భాగస్వాములుగా చేరతాయి. ల్యాబులో తేలినదాన్ని పైలట్ ప్లాంటుగా, అంటే చిన్న నమూనా ప్లాంటుగా నిలబెట్టి, నెలల తరబడి నడిపి, కొలతలు తీయడం సాధారణంగా వాళ్ల వంతు. మన నల్లగొండ పేరుతో నీరి (జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ) తెచ్చిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతినే చూడండి. పటిక, సున్నం మోతాదు తెలిస్తే సరిపోదు. అడుగున చేరే బురదను ఎక్కడ వేయాలి, నీటిలో మిగిలే అల్యూమినియం సంగతేమిటి అన్న ప్రశ్నలు ఊళ్లో నడిపినప్పుడే ఎదురవుతాయి. ఈ యూనివర్సిటీల్లో జరిగే రీసెర్చ్ ఈ తరహాదే.

ఇబ్బంది మరోచోట ఉంది. జర్మనీలో ఈ యూనివర్సిటీల ప్రొఫెసర్లకు వారానికి సుమారు 18 పీరియడ్ల బోధన ఉంటుంది, మామూలు యూనివర్సిటీల్లో దానికి సగమే. అందుకని అన్ని విభాగాల్లోనూ ప్రాజెక్టులు ఉండవు. పేరు, ర్యాంకు పక్కనపెట్టి, ఈయూ డబ్బిచ్చిన రీసెర్చ్ ప్రాజెక్టుల వివరాలుండే కార్డిస్ వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు కొట్టి వెతకమనండి. ప్రాజెక్టులో దాని పాత్ర, వచ్చిన డబ్బు, ముగింపు తేదీ అన్నీ కనిపిస్తాయి. థీసిస్ సాధారణంగా ఆఖరు సెమిస్టర్‌లో వస్తుంది కాబట్టి, చేరే నాటికి ప్రాజెక్టుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండాలి. లేకుంటే థీసిస్ నాటికి డబ్బూ ఉండదు, గైడ్ చేసే రీసెర్చర్ కాంట్రాక్టూ ముగిసిపోవచ్చు.

ఈ యూనివర్సిటీలకు పీహెచ్‌డీ ఇచ్చే హక్కు 2016లో మొదట జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో, అదీ రీసెర్చ్ బలంగా ఉన్న విభాగాలకు దక్కింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఇచ్చాయి. హక్కు లేనిచోట మరో యూనివర్సిటీతో కలిసి చేయాలి. అది ఏ యూనివర్సిటీయో, అదనపు కోర్సులు అడుగుతారో ముందే మెయిల్‌లో రాయించుకోండి.

చాలామంది దెబ్బతినేది మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల దగ్గర. ఇవి ఈయూ డబ్బుతో నడిచే, జీతంతో కూడిన పీహెచ్‌డీ సీట్లు, ఏ దేశం వారైనా అర్హులే. కానీ ఉద్యోగంలోకి తీసుకునే తేదీకి ముందు 36 నెలల్లో, పీహెచ్‌డీ సీటు ఉన్న దేశంలో 12 నెలలకు మించి చదివి గానీ, ఉద్యోగం చేసి గానీ, నివాసం ఉండి గానీ ఉండకూడదు. కాబట్టి జర్మనీలో రెండేళ్లు చదివి వెంటనే చేరాలంటే నెదర్లాండ్స్, ఫిన్లాండ్ లాంటి వేరే దేశంలోని సీట్లకే దరఖాస్తు పెట్టాలి. జర్మనీలో చిరునామా నమోదు చేసిన కాగితం, వదిలేటప్పుడు రద్దు చేయించిన కాగితం రెండూ భద్రంగా దాచమని చెప్పండి, తేదీల రుజువు అడిగితే అవే పనికొస్తాయి.