పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కట్టగలనా?

ప్రశ్న: విదేశంలో పీజీలో చేరబోతున్నాను. మొదటి సెమిస్టర్ ఫీజు, రెండు నెలల ఖర్చులకు డబ్బు సమకూరింది. మిగిలినది పార్ట్‌టైమ్ ఉద్యోగంతో సర్దుకోవచ్చని స్నేహితులు అంటున్నారు. బయలుదేరవచ్చా?

జవాబు: ఆ ఒక్క భరోసాతో బయలుదేరవద్దనే నా సలహా. విద్యార్థి వీసాపై పని గంటలకు పరిమితి ఉంటుంది. చదువు సాగే రోజుల్లో బ్రిటన్‌లో పీజీ విద్యార్థి సాధారణంగా వారానికి 20 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు మించి పనిచేయకూడదు. ఆ సంపాదన తిండికీ ప్రయాణానికీ ఆసరా అవుతుందే గాని, దానితో ఫీజు గట్టెక్కుతుందనుకోవడం కష్టం. గంటలు మించితే వీసాకే ముప్పు.

ఫీజును వాయిదాల్లో కట్టే వీలుందేమో గడువుకు ముందే విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసి, జవాబును భద్రపరచుకోండి. డబ్బు పంపేటప్పుడు చాలామంది గమనించని చిక్కు ఒకటుంది: మధ్యలోని బ్యాంకు తన రుసుము కోసుకోవడంతో ఫీజు కొద్దిపాటి తక్కువగా జమ అవుతుంది, ఆ చిన్న బకాయికే కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. అందుకే ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతిని ఎంచుకోండి.

మొదటి నెలలో అద్దెతో పాటు డిపాజిట్, పరుపు, వంటపాత్రలు కూడా మీద పడతాయి. కాబట్టి వీలైతే ఒక సెమిస్టర్ ఆలస్యంగా చేరే అవకాశాన్ని అడగండి. ఏడాది ఖర్చు చేతికందాక వెళితే చదువుపై మనసు నిలుస్తుంది.