అల్హంబ్రా చూడాల్సిన రోజే వాన పడితే వెళ్ళాలా, మానేయాలా?

స్పెయిన్‌లోని గ్రనాడాలో మీకు ఒక్క రోజే ఉంది, ఆ రోజే వాన అంటున్నారు, వెంట అత్తగారూ ఆరేళ్ళ బాబూ ఉన్నారు, గుట్ట మీది పాత రాజుల కోట అల్హంబ్రా మానేసి ఇంకేదైనా చూడాలా అని అడిగారు. దయచేసి మానకండి. రెండేళ్ళ కిందట మార్చిలో మేం సరిగ్గా ఇలాంటి రోజే వెళ్ళాం. మావారు, నేను, అమ్మ. పొద్దున్నే కిటికీ తెరిస్తే ముసురు. ఎప్పుడో కొనిపెట్టుకున్న టికెట్లు, ఇంత దూరం ప్రయాణం, చివరికి ఇలా అయిందేంటని నాకు ఏడుపొచ్చినంత పనైంది. మరో రోజుకి మార్చుకుందామంటే మేం ఊళ్ళో ఉండే రోజుల్లో ఖాళీల్లేవు. రెయిన్‌కోట్లు వేసుకుని బయల్దేరాం.

ఎండ రోజు వెళ్ళుంటే నాకు ఆ ప్యాలెస్ ఇంతగా అర్థమయ్యేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. అక్కడ అన్నిటికీ మూలం నీళ్ళే. 1238లో గ్రనాడాకి వచ్చిన, అక్కడ ఏలిన ముస్లిం రాజవంశం నస్రిద్‌ల మొదటి రాజు ఈ గుట్ట మీద కట్టడం మొదలుపెట్టి, దార్రో నది ఎగువ నుంచి సుమారు ఆరు కిలోమీటర్ల కాలువ తవ్వించి నీళ్ళు రప్పించాడు. మనం ఇవాళ చూసే మహళ్ళు ఎక్కువగా ఆ తర్వాతి శతాబ్దంలో కట్టినవి. ఏ గదిలోంచి బయటికొచ్చినా ఒక తొట్టో, కాలువో, కొలనో ఎదురవుతుంది.

మొదట మిర్టిల్ అనే సువాసన ఆకుల పొదల మధ్య ఉన్న పొడవాటి కొలను దగ్గరికి వచ్చాం. సుమారు 34 మీటర్లుంటుంది. ఫొటోల్లో ఆ నీళ్ళల్లో కొమారెస్ బురుజు అద్దంలో లాగా కనిపిస్తుంది. మేం వెళ్ళేసరికి చినుకుల వల్ల అదేమీ లేదు, నీళ్ళంతా గుండ్రటి సుడులే. చూరు కింద నిలబడ్డాం. కాసేపటికి వాన తెరిపిచ్చింది. ముందు బురుజు పైఅంచు వణుకుతూ తేలింది, తర్వాత కమానులు, ఆ తర్వాత ఒక్కో స్తంభం. అంత పెద్ద కట్టడం నీళ్ళల్లో మళ్ళీ పేర్చుకుంటుంటే ఎవ్వరూ మాట్లాడలేదు.

సింహాల ప్రాంగణం దగ్గర మేం అరగంట పైనే ఉండిపోయాం. 14వ శతాబ్దంలో నస్రిద్ రాజు ఐదో మహమ్మద్ కట్టించాడు. చుట్టూ 124 సన్నటి పాలరాతి స్తంభాలు, నడుమ 12 సింహాల మీద నిలిచిన తొట్టి. ఒక్కో సింహం మొహం ఒక్కో రకంగా ఉంటుంది, బాబుకి తేడాలు వెతకమని చెప్పండి. తడిసిన రాతిలో బూడిదరంగు చారలు స్పష్టంగా తేలాయి. పక్క గదుల్లోంచి సన్నటి కాలువలు నేల మీదుగా వచ్చి నడుమ కలుస్తాయి. ఆ తొట్టి చుట్టూ ఇబ్న్ జమ్రక్ అనే ఆస్థాన కవి పద్యం చెక్కి ఉంటుంది. పారేది నీళ్ళో పాలరాయో తెలియడం లేదని అందులో ఒక భావం. తడి రాతి మీద నీళ్ళు జారుతుంటే చూశాక అది అతిశయోక్తి అనిపించలేదు.

"మన మండువాలో కూర్చున్నట్టే ఉందే" అంది అమ్మ. కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం, వానొస్తే చూరు నీళ్ళు మధ్యలో పడి తూములోంచి బయటికి పోయేవి. అమ్మ అలా అన్నాకే నేను పైకి చూశాను. చెక్క చూరు గోడల కంటే బాగా ముందుకొచ్చి ఉంది. ఆ చూరు నీళ్ళని దూరంగా పడేస్తుంటే కింద గోడ మీది గచ్చు నగిషీ పొడిగా ఉంది. ఎండలో వచ్చినవాళ్ళు ఆ చూరుని చూస్తారేమో గానీ, అదేం చేస్తుందో చూడరు.

నష్టం లేదని చెప్పను. అల్కసాబా అనే పాత సైనిక కోట బురుజు ఎక్కితే కనబడాల్సిన సియెర్రా నెవాడా మంచుకొండలు మాకు మబ్బుల్లో కనబడలేదు. రాజుల విడిది హెనెరలీఫే తోటలు కూడా త్వరగానే ముగించాం. రాయబారుల సభలో పైకప్పు 8,017 చెక్క ముక్కలతో ఇస్లాంలో చెప్పే ఏడు స్వర్గాలని తలపించేలా చేసింది, మబ్బు వెలుతురులో మొదట నల్లగా కనిపిస్తుంది. ఐదు నిమిషాలు ఆగితే కళ్ళు అలవాటుపడి అందులో పేర్చిన నక్షత్రాల ఆకారాలు ఒక్కొక్కటీ బయటపడతాయి, తొందరపడి వెళ్ళిపోకండి.

టికెట్ మీద నస్రిద్ ప్యాలెస్‌లకి వేసిన టైమ్ చాలా ముఖ్యం. వాన కదా అని ఆలస్యం చేయొద్దు. అందరి పాస్‌పోర్టులూ తడవకుండా కవర్లో పెట్టుకోండి, అడుగుతారు. అత్తగారిని కొండ ఎక్కించొద్దు, సిటీలోంచి సీ30 చిన్న బస్సు పైదాకా వెళ్తుంది. టికెట్ చేతిలో ఉంటే 1348 నాటి న్యాయ ద్వారం దగ్గర దిగండి, ప్యాలెస్‌లకి నడక తగ్గుతుంది. టైమ్ ఉంటే పక్కనే 1527లో మొదలైన, స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ మహల్‌లో గుండ్రటి వసారా కింద తడవకుండా కూర్చోవచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు. బయట దారుల్లో గులకరాళ్ళు బాగా జారతాయి. అమ్మ రెండుసార్లు తూలింది, మావారు పట్టుకోబట్టి సరిపోయింది. అత్తగారికి చెప్పులు వద్దు, పట్టున్న షూ వేయించండి. సాక్స్ ఒక జత అదనంగా బ్యాగులో పెట్టుకోండి.