వరద రాకముందే గీత గీసుకో

ముమ్మిడివరం

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నీ పరిశోధన సినాప్సిస్ (చేయబోయే పని వివరించే ప్రణాళిక) రెండుసార్లు చదివాను. లంక ఊళ్ళ పిల్లలకి భిన్నాలు కథలతో చెబితే మార్కులు పెరుగుతాయా, లెక్కలంటే ఉన్న టెన్షన్ తగ్గుతుందా అన్నది నీ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు బీఈడీ పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి, ఈ దారిలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో రాస్తున్నాను.

ముందు నేను జారిన చోటు చెబుతాను. నా ఎంఈడీ పరిశోధన పరీక్షల టెన్షన్ మీద. డేటా చేతికొచ్చాక ఆడపిల్లలూ మగపిల్లలూ, పల్లె పట్నం, తండ్రి చదువు, తోబుట్టువులు అంటూ 20 టీ-టెస్టులు (రెండు జట్ల సగటుల్లో తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే పరీక్షలు) చేశాను. పందొమ్మిదింటిలో ఏమీ రాలేదు. ఒక్కదానిలో మాత్రం, పడవ దాటి బడికొచ్చే పిల్లల్లో టెన్షన్ ఎక్కువని వచ్చింది. దాని మీద ఒక అధ్యాయం రాసి, మిగతావన్నీ అనుబంధంలో పడేశాను. అసలు ఏ తేడా లేని చోట కూడా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు 0.05 స్థాయిలో (అంటే లేని తేడాని ఉందని పొరబడే అవకాశం ఒక్కోదానికి నూటికి ఐదు) చేస్తే, ఒక్కటైనా ‘సార్థకం’, అంటే యాదృచ్ఛికం కాదు, అని తేలే అవకాశం 64 శాతం. ఆ లెక్క నాకు అప్పటికి తెలియదు. ఆ అధ్యాయం చదివి ఒక హెడ్మాస్టరు పడవ పిల్లల్ని విడిగా ఒక సెక్షన్‌లో కూర్చోబెట్టారు. నాలుగేళ్ళ తర్వాత ఇంకా ఎక్కువమందితో చూస్తే ఆ తేడా కనబడలేదు. కానీ ఆ సెక్షన్‌లో ఏడాదంతా కూర్చున్న పిల్లలకి ఆ ఏడాదిని నేను తిరిగి ఇవ్వలేను. ఇప్పటికీ అది గుండెల్లో ముల్లే.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ గీతలు వరద రాకముందు గీసినవి. నీళ్ళు ఎంతొచ్చాయో చూసి ఆ తర్వాత గీత ఎక్కడ పెట్టాలో ఆలోచించరు కదా. నువ్వూ అలాగే, ఒక్క పిల్ల పేపరు కూడా దిద్దకముందే ఒక కాగితం మీద రాసిపెట్టు: ప్రధాన ప్రశ్న ఏది (ఒక్కటే), దేన్ని కొలుస్తావు, ఏ టెస్ట్ చేస్తావు, ఏ స్థాయి, ఎంతమంది పిల్లలు. తారీఖు వేసి మీ గైడ్ చేత సంతకం పెట్టించు. టెన్షన్ సంగతి రెండో ప్రశ్నగా ఉండనీ. తర్వాత తోచినవి కూడా చూడొచ్చు, కాకపోతే ‘ఇవి తర్వాత వెతికినవి’ అని విడిగా రాయి. 2015లో మనస్తత్వశాస్త్రంలో అప్పటికే అచ్చయిన 100 అధ్యయనాల్ని మళ్ళీ చేసి చూశారు. మొదట వాటిలో 97 శాతం సార్థకమని చెప్పుకున్నవి. మళ్ళీ చేసినప్పుడు 36 శాతమే నిలబడ్డాయి. డేటా చూశాక గీత జరపడం అందుకు ఒక కారణం అని నా నమ్మకం.

ఆ 0.05 కూడా దేవుడు గీసిన గీత కాదు. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1925లో తన పుస్తకంలో అనుకూలంగా ఉంటుందని ఎంచుకున్న హద్దు. 11.74 అడుగులకీ 11.76కీ నీళ్ళలో ఎంత తేడా ఉంటుందో, 0.049కీ 0.051కీ అంతే తేడా. అందుకే పీ-విలువని పూర్తిగా రాయి, ‘సార్థకం’ అని నక్షత్రం గుర్తు పెట్టి వదిలెయ్యకు.

ఇంతకీ పీ-విలువ అంటే ఏమిటని వైవాలో అడిగితే చాలామంది తడబడతారు. ఫిషర్ 1935లో టీ కప్పులతో చెప్పిన ఉదాహరణని మనింట్లోకి తెస్తాను. మీ అమ్మమ్మ బోరు నీళ్ళ కాఫీనీ గోదావరి నీళ్ళ కాఫీనీ నాలుక మీద వేసుకోగానే చెప్పేస్తానంటుందనుకో. ఎనిమిది గ్లాసులు పెట్టు, నాలుగు ఇవీ నాలుగు అవీ, చీటీలు తీసి వరస కలిపెయ్యి. గోదావరివి నాలుగూ ఏరమను. ఎనిమిదిలోంచి నాలుగు ఏరే విధాలు 70. ఊరికే ఊహించి నాలుగూ సరిగ్గా ఏరే అవకాశం 70లో 1, అంటే 0.014. ఒక్క గ్లాసు తప్పితే? మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిగ్గా ఏరే విధాలు 17, అంటే 0.24. ఒక్క గ్లాసుతో సాక్ష్యం ఎంత పల్చబడిపోయిందో చూడు. ఆవిడకి ఏ నేర్పూ లేదనుకుంటే, అంటే శూన్య పరికల్పన నిజమైతే, ఇంత మంచి ఫలితం గానీ ఇంతకన్నా మంచిది గానీ వచ్చే అవకాశం ఎంత అన్నదే పీ-విలువ. ‘శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం’ కాదు. ఈ రెండూ కలిపేస్తే వచ్చే తప్పు చిన్నది కాదమ్మా.

ఇప్పుడు నీ లెక్కకి వద్దాం. కథల జట్టులో, మామూలు జట్టులో చెరో 35 మంది, 40 మార్కుల పరీక్ష. సగటులు 24.1, 21.6 వచ్చాయనుకో, రెండు చోట్లా క్రమ విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 6. తేడా రెండున్నర మార్కులు. టీ విలువ (ఆ తేడాని దాని అనిశ్చితితో భాగిస్తే వచ్చేది) సుమారు 1.74, పీ-విలువ 0.09 దగ్గర. చాలామంది ఇక్కడ ‘తేడా లేదు’ అని రాసి పేజీ తిప్పేస్తారు. నువ్వు అలా రాయకు. 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల హద్దులు) తీస్తే ఇంచుమించు -0.4 నుంచి 5.4 దాకా వస్తుంది. అంటే అసలు తేడా సున్నా కావచ్చు, ఐదు మార్కులూ కావచ్చు, తేల్చడానికి పిల్లలు సరిపోలేదు అని అర్థం. క్రమ విచలనంలో సగమంత తేడా ఉంటే దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో జట్టుకి 64 మంది కావాలి.

అదైనా పిల్లల్ని ఒక్కొక్కరుగా చీటీ తీసి పంచితేనే. నువ్వేమో కథలు ఒక బళ్ళో, మామూలు పాఠం ఇంకో బళ్ళో అన్నావు. నీ సినాప్సిస్‌లో నాకు బెంగ కలిగించింది ఇదే. రెండు చేలున్నాయనుకో, మొదటిది కాలువ మొగదల ఉంది, రెండోది శివారున ఉంది. ఒకదాంట్లో కొత్త విత్తనం, ఒకదాంట్లో పాతది వేసి దిగుబడి పోలిస్తే అది విత్తనం గొప్పో నీళ్ళ గొప్పో ఎలా చెబుతావు? ఒక్కో చేలో వెయ్యి దుబ్బులు లెక్కపెట్టినా సాక్ష్యం రెండు చేలదే. ఒకే టీచరు, ఒకే గోడల మధ్య ఉన్న 35 మంది కూడా అంతే, ఒకరి మార్కు ఇంకొకరి మార్కుని లాగుతుంది. మార్కుల్లో మొత్తం తేడాలో ఐదో వంతు బడి వల్లే అనుకుంటే, 70 మంది ఉన్నా వాళ్ళిచ్చే సమాచారం దాదాపు 9 మందిది. కాబట్టి ఆరు బళ్ళు తీసుకో. ప్రతి బళ్ళోనూ పిల్లల్ని చీటీలతో రెండు బ్యాచ్‌లు చెయ్యి, రెండింటికీ అదే టీచరు చెప్పాలి. బడి తేడాని కూడా విశ్లేషణలో పెట్టు. శ్రమే. కానీ అలాగైతేనే అది కథల గురించిన పరిశోధన అవుతుంది.

ఇంకొకటి. కథల బ్యాచ్‌లో ముందు-తర్వాత మార్కులకి జత టీ-టెస్ట్ చేస్తే సార్థకం, మామూలు బ్యాచ్‌లో కాదు, కాబట్టి కథలే మేలు అని రాసిన థీసిస్‌లు చాలా చూశాను. అది తర్కం కాదు. రెండు బ్యాచ్‌ల్నీ నేరుగా పోల్చాలి, ముందు మార్కుల్ని లెక్కలోకి తీసుకుని. దానికి అంకోవా (ముందు మార్కుల తేడాని సర్ది జట్లని పోల్చే పద్ధతి) వాడు. మిగతా టెస్టుల ఎంపిక పెద్ద చిక్కు కాదు. మూడు జట్లయితే అనోవా, పాసు-ఫెయిలు లాంటి లెక్కింపులకి కై-స్క్వేర్, పట్టిక గడుల్లో రావాల్సిన సంఖ్య మరీ చిన్నదైతే ఫిషర్ కచ్చిత పరీక్ష, టెన్షన్ స్కేల్ స్కోర్లు బాగా ఒక పక్కకి ఒరిగితే మాన్-విట్నీ.

చివరిగా, ఫైనల్ టెస్ట్ ఆగస్టులో పెట్టకు. ఒకసారి నేను పెట్టాను. 38 మంది క్లాసులో 27 మందే వచ్చారు. రాని 11 మందీ పాయ అవతలి వాళ్ళే. వచ్చినవాళ్ళలో ఒకడి కాగితం పడవలో తడిసి, ఇంకు అల్లుకుపోయి, ఐదో లెక్క జవాబు 3/4 అని రాశాడో 3/1 అని రాశాడో ఎంతసేపు చూసినా తెలియలేదు. రానివాళ్ళు వచ్చినవాళ్ళలాంటి వాళ్ళే అనుకుని సగటు తీస్తే, ఎవరి కోసం పరిశోధన చేస్తున్నావో వాళ్ళే లెక్కలోంచి జారిపోతారు. ఏ బ్యాచ్‌లో ఎంతమంది రాలేదో, ఎందుకో రాయి. మళ్ళీ ఒక రోజు పరీక్ష పెట్టే వీలు ముందే అనుకో.

ఆ కాగితం రాశాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. బళ్ళ జాబితా కూడా పంపు, అవతలి ఒడ్డున నాకు తెలిసిన టీచర్లు ఇద్దరున్నారు, మాట్లాడి పెడతాను.

మీ
మావయ్య