సంచి లేని రోజున వెళ్ళు

2023 డిసెంబర్ 12

ప్రియమైన అమ్మాయికి,

నీ మేనత్త రాసేది. ప్రభువు నామంలో వందనాలు. నా మోకాళ్ళ సంగతి అడగకు, అవి మామూలే.

నిన్న ఫోన్లో నువ్వు గబగబా చెప్పిందంతా విన్నాను. అప్పుడే జవాబు చెబుదామంటే టవర్ కట్టయింది. ఒకందుకు మంచిదే, రాత్రంతా ఆలోచించుకునే వీలు దొరికింది. మిచౌంగ్ తుపాను మొన్న ఐదో తారీఖున మీ బాపట్ల దగ్గరే తీరం దాటిందని టీవీలో చూసినప్పటి నుంచీ నాకు మీ మీదే బెంగ. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడి మొలకలెత్తుతోందంటున్నావు. చర్చి స్త్రీల సమాజానికి నిన్ను కార్యదర్శిని చేసి నెల కూడా కాలేదు, ఇంతలోనే ఇంత పని నెత్తిన పడింది.

తుపాను సాయం ఎలా పంచాలన్న దాని మీద మీ కమిటీలో మూడు మాటలు వచ్చాయన్నావు. ముందు మన సంఘం వాళ్ళకి పంచాలని ఒకరు, ప్రతి సంచిలో ఒక కరపత్రం పెట్టాలని ఇంకొకరు, పాస్టర్ గారు చిన్న ప్రార్థన చేశాకే పంచుదామని మూడో వారు. ఏది ఒప్పో చెప్పమన్నావు. దానికి ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నేను నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. పదివేల మంది పోయారని సర్కారు లెక్క. ఆ నేల మీద నడిచినవాళ్ళెవరూ ఆ లెక్క నమ్మలేదు. మమ్మల్ని లారీలో ఎక్కించి పంపారు. పగలంతా ఇంజెక్షన్లు వేసేవాళ్ళం. సాయంత్రం ఒక సహాయ సంస్థ వాళ్ళు బియ్యం పంచుతుంటే, నా చేతిరాత బాగుంటుందని రిజిస్టరు రాయడానికి కూర్చోబెట్టారు. వరసలో పేరు, కుటుంబంలో ఎంతమంది, ఎన్ని కేజీలు. చివరి గడి మీద "సువార్త విన్నవారు" అని రాసి ఉంది.

ముందు పాటలు, తర్వాత వాక్యం, తర్వాత ప్రార్థన, ఆ తర్వాతే బియ్యం. ముందు వరసలో ఒక పెద్దాయన, పల్లెకారు. వలా పోయింది, పడవా పోయింది, ఇంట్లో ఆయనా ఇద్దరు మనవలూ మిగిలారు. ఆయనకి మన పాటలు రావు. అయినా చప్పట్లు కొడుతున్నాడు, తాళం అందక అందరి కంటే అర క్షణం వెనక. మూడో పాట అవగానే మెల్లగా నా బల్ల దగ్గరకొచ్చి వంగి అడిగాడు: "అమ్మా, ఇంకా పాటలున్నాయా? బుడ్డోడు పొద్దుటేల నుంచీ ఏం తినలేదు."

"ఇంకొక్కటే తాతా" అన్నాను. ఆయన వెళ్ళి కూర్చున్నాడు. నేను ఆఖరి గడిలో టిక్కు పెట్టాను.

నలభై ఆరేళ్ళయింది. తర్వాత నర్సుగా ఎన్ని వందల మందికి కట్లు కట్టానో లెక్క లేదు. ఆ టిక్కు మాత్రం చెరగలేదు. తాతకి ఆ రోజు ఏం వినబడి ఉంటుందంటావు? మనవడి ఆకలి ఒక్కటే వినబడి ఉంటుంది.

మా నాయనమ్మ మాట నీకు చెప్పానో లేదో. ఆమె చిన్నతనంలో ఊరి బావిలో మనవాళ్ళు చేద వెయ్యకూడదు. కుండ పట్టుకుని దూరంగా నిలబడాలి. ఎవరో ఒక పెద్దింటావిడ దయతలచి తోడి, తగలకుండా ఎత్తు నుంచి పోసేది. దారిలో దాహమైతే కిందికి వంగి దోసిలి పట్టాలి. సగం నీళ్ళు మోచేతుల వెంట కారిపోయేవి. "దాహం తీరేదే గానీ మెడ పట్టేసేది" అనేది నాయనమ్మ. పోసినావిడ చెడ్డది కాదు, రోజూ పోసేది. కానీ ఎత్తు నుంచి పోసేది.

ఆ తాత మెడ కూడా అలాగే వంగి ఉంది. ఈసారి ఎత్తున ఉన్నది మనం. అందుకే మన సంఘం చేతిలో సంచి ఉన్నప్పుడు నాకు సంతోషం కంటే భయమే ముందు కలుగుతుంది. నిన్నటిదాకా దోసిలి పట్టినవాళ్ళకి చెంబు దొరికితే ఎత్తి పోయాలనిపిస్తుంది. ముఖ్యంగా ఒకప్పుడు మనల్ని దూరంగా నిలబెట్టినవాళ్ళ మనవలే ఇవాళ వరసలో ఉంటే. మీ ఊళ్ళో ఉంటారు, చూడు. వాళ్ళ ముఖం చూసినప్పుడు నీ లోపల ఏదో చిన్న తృప్తి కదిలితే, రిజిస్టరు పక్కనున్న అమ్మాయికిచ్చి కాసేపు పక్కకి వెళ్ళి మంచినీళ్ళు తాగి రా.

ఇక నీ మూడు మాటలు.

మనవాళ్ళకి ముందు అనే పెద్దాయన గలతీయులకు రాసిన పత్రిక చూపిస్తాడు, నాకు తెలుసు. "విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను" అని మొదలుపెడతాడు. దానికి ముందు ఏముందో కూడా చదవమను. "అందరియెడలను" అని ఉంటుంది. సంఘంలో నష్టపోయినవాళ్ళకి కానుకల నిధి వేరే ఉంది, అందులోంచి ఇవ్వండి, ఎవరూ కాదనరు. తుపాను పేరు మీద ఊళ్ళో వసూలు చేసింది మాత్రం అందరిదీ. ఎవరింట్లో ఎంత ఎత్తు నీళ్ళొచ్చాయో గోడ మీద మరక చూస్తే తెలుస్తుంది. ఆ మరకను బట్టి లిస్టు రాయి. లిస్టు నువ్వొక్కదానివే రాయకు. అంగన్‌వాడీ టీచరునీ, డ్వాక్రా సంఘం లీడరునీ, మసీదు దగ్గర కిరాణా కొట్టాయన్నీ కూర్చోబెట్టుకుని రాయి. ఎవరి కప్పు ఎగిరిపోయిందో, ఎవరు మొహమాటపడి చెప్పుకోరో వాళ్ళకి తెలిసినంత మన పాస్టర్ గారికి తెలియదు.

కరపత్రం వద్దు. పాస్టర్ గారు నొచ్చుకుంటారేమో. ఒంగోల్లో మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొర సంగతి ఆయనకి గుర్తు చెయ్యి. ఒంగోలు మిషన్ వాళ్ళకి అది చెబితే చాలు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొచ్చింది. ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. చేయి చాపించుకోలేదు, పార పట్టించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నా, కూలి కోసం అడుగుతున్నారేమోనని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం పంచడం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని అందరికీ తెలిశాక ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి. మనవాళ్ళు ఈ అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని సభల్లో చెబుతారు. దానికి ముందు ఏడాదికి పైగా చేయి కట్టుకుని ఉన్న సంగతి ఎవరూ చెప్పరు. నాకు ఆ అంకె కంటే ఆ చేయి కట్టుకోవడమే గొప్పగా కనిపిస్తుంది.

మరి యేసయ్య గురించి చెప్పకూడదా అంటావు. చెప్పు. సంచి లేని రోజున వెళ్ళు. నెల పోయాక, ఉత్త చేతులతో, ఎలా ఉన్నారో చూద్దామని వెళ్ళు. అప్పుడు వాళ్ళు కుర్చీ వేస్తే కూర్చో, అడిగితే చెప్పు. వినాలని లేకపోతే పనుందని లేచిపోవచ్చు కదా, ఆ వీలు వాళ్ళకుండాలి. బియ్యం తీసుకునేవాడికి ఆ వీలుండదు. పంచే రోజున "ప్రార్థన చేయమంటారా?" అని అడగడం కూడా నాకిష్టం లేదు. వద్దనడానికి వాళ్ళకి నోరు రాదు. వాళ్ళే అడిగితే తప్పకుండా చెయ్యి, పక్కకి తీసుకెళ్ళి నాలుగు మాటల్లో. మీ ప్రార్థనేదో లారీ ఎక్కించే ముందు చర్చిలోనే ముగించుకోండి, ఎంతసేపైనా చేసుకోండి.

అలాగని చర్చి పేరు దాచకు. ఎవరమ్మా మీరంటే ఫలానా సంఘం స్త్రీల సమాజం అని చెప్పు. దాచితేనే అనుమానాలొస్తాయి, ఈ రోజుల్లో మరీనూ. బ్యానరు మాత్రం కట్టకండి. ఫోటోలు వద్దు. ఆడిట్‌కి కావాలంటే సరుకు దించుతున్నప్పుడు తీయండి, తీసుకునే ముఖాలు తీయకండి.

సరుకు సంగతి. మీ ఇంట్లో వండని బియ్యం వాళ్ళకివ్వకు. స్టోర్ బియ్యం వాళ్ళకెలాగూ వస్తుంది. పాత బట్టలు అస్సలు వద్దు. దివిసీమలో రోడ్డు పక్కన తడిసిన సూట్లూ పార్టీ గౌన్లూ కుప్పలు పడి ఉండేవి, గేదెలు వాటి మీద పడుకునేవి. కొత్త దుప్పటి ఒక్కటివ్వు, చాలు. పప్పు, నూనె, చింతపండు, ఉప్పు, కారం, ఆడవాళ్ళకి ప్యాడ్లు. ప్యాడ్లు విడిగా కట్టి ఆడపిల్లల చేత ఇప్పించు. క్రిస్మస్ కదా అని కేకు పెడతామన్నారట. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఈ నెలంతా ఉంటారు, కేకులో గుడ్డుంటుంది. ముస్లింల ఇళ్ళకి వండినదేదైనా పంపితే మాంసం లేకుండా చూడు, హలాలో కాదో వాళ్ళు నిన్ను అడగలేక అవతల పెడతారు. కేకు బదులు వేరుశెనగ చిక్కీ పెట్టు, ఎవరికీ పేచీ ఉండదు.

స్కూలు తాళాలిస్తానన్న ఆ సైన్సు మాస్టారు దేవుడు లేడంటాడు కాబట్టి ఆయనతో కలవడమెలా అని మీ కోశాధికారి సందేహమట. తాళాలు తీసుకో. మీ పక్కనే స్టువార్టుపురం ఉంది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు నూరేళ్ళ కిందట నడిపిన సెటిల్‌మెంటు అది. తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్ర వేసిన ఎరుకల వాళ్ళని తెచ్చి పెట్టిన చోటు. తర్వాత రోజుల్లో అక్కడ పోలీసు రికార్డుల్లోకెక్కిన వాళ్ళని మళ్ళీ మామూలు బతుకులోకి తేవడానికి తిరిగిందెవరు? నాస్తికుడు గోరా గారి కొడుకు లవణం గారు, ఆయన భార్య హేమలత గారు. ఆమె మన కవి జాషువా గారి అమ్మాయే. దేవుడి పేరు చెప్పి కొందరు, దేవుడు లేడని చెప్పి కొందరు, అదే ఊళ్ళో అవే గుమ్మాలు ఎక్కారు. మీరు ప్రార్థన చేసుకుంటున్నప్పుడు మాస్టారు కళ్ళు తెరుచుకుని నిలబడితే నిలబడనీ. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయని తెలిసిందంటే మీ కోశాధికారి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయన్నమాట.

డల్లాస్ నుంచి మీ చిన్నాన్న కొడుకు డబ్బు పంపుతానన్నాడని చెప్పావు. జాగ్రత్త. వాడింకా ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, లేదా వాళ్ళ చర్చి పేరు మీద పంపితే, అది విదేశీ విరాళమవుతుంది. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో అందుకోసం ఖాతా ఉండాలి. మీకు లేదు. నీ సొంత అకౌంట్లో వేయించుకుని ఖర్చు పెడదామనుకోకు. మంచి పనే కదా అని చేసి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళని చూశాను.

ఒకటి మర్చిపోయాను. వాళ్ళు తిరిగి ఏదైనా ఇస్తారు. ఇచ్చి తీరుతారు, మన జనం ఉత్తినే పుచ్చుకోరు. టీ ఇస్తారు, సొరకాయ ఇస్తారు, మాల వేసుకున్నాయన ప్రసాదం ఇవ్వొచ్చు. ప్రసాదం తినడం మన సంఘాల్లో ఒప్పుకోరు, నీ మనస్సాక్షి కూడా ఒప్పుకోకపోతే తినకు. కానీ ముఖం చిట్లించకు. రెండు చేతులా అందుకుని "మా ఇంట్లో తినమండీ, ఏమీ అనుకోకండి" అని అక్కడే మెత్తగా చెప్పి పక్కవాళ్ళకి అందించు. తీసుకెళ్ళి కాలవలో పారేసేకంటే అది మర్యాద. టీ మాత్రం తాగు. ఆ ఇంట్లో పాలు లేకపోతే డికాక్షనే తాగు. వాళ్ళ గ్లాసుతోనే, వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని. అలా కూర్చుని తాగడానికి నాయనమ్మకి వీలు లేకపోయింది.

లిస్టు తయారయ్యాక నాకు ఫోటో తీసి పంపు, కళ్ళజోడు మార్చాను, బాగానే కనిపిస్తోంది. మీ చిన్నత్తతో పది దుప్పట్లు పంపుతున్నాను, గురువారం ప్యాసింజరుకి వస్తుంది, స్టేషనుకి ఎవర్నైనా పంపు. రిజిస్టరు కొత్తది కొను. గడులు నువ్వే గీసుకో. పేరు, ఎంతమంది, ఏమిచ్చాం. మూడు గడులు చాలు.

ప్రేమతో,
మేనత్త