నల్లమలలో జరిగే దెయ్యాల కథతో గేమ్ చేస్తున్న మా మేనకోడలికి

అమ్మలూ,

మొన్న గుంటూరు వచ్చినప్పుడు నువ్విచ్చి వెళ్ళిన గేమ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళే ఆడాలి, రక్తం, చావులు ఉంటాయని ముందే చెప్పావు. దాంతో నాకు పేచీ లేదు. ముప్పై ఏళ్ళు నాటకాలు రాసినవాణ్ణి, మనిషిని భయపెట్టడం ఎంత కష్టమో తెలుసు. బావిలోంచి పేరు పెట్టి పిలిచే సీను చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. నా బాధంతా నల్లమలలో కారు చెడిపోయిన దగ్గర్నుంచి మొదలైంది.

కుర్రాళ్ళను పట్టుకునే ఆ 'అడవి తెగ'కి నువ్వు పేరే పెట్టలేదు. వాళ్ళ తలమీద కొమ్ములున్నాయి. అవి గోదావరి వైపు కోయలు పండగల్లో నాట్యానికి పెట్టుకునేవి. వాయించే తుడుం ఆదిలాబాద్ గోండులది. గుహ గోడమీద రక్తంతో గీసినవి, శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవరలు తమ పెద్దలను తలచుకుని ఇంటి గోడమీద వేసుకునే బొమ్మలు. నల్లమల అంటే చెంచులమ్మా. మీ ఆర్టిస్టు ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ కలిపేశాడు. ఒకరి పండగ, ఇంకొకరి పూజ తెచ్చి మూడోవాళ్ళచేత హత్యలు చేయిస్తున్నాం.

వాళ్ళచేత అర్థంలేని కేకలు పెట్టించావు. చెంచులు మాట్లాడేది తెలుగు. యాస వాళ్ళది, మాట మనదే. సవరలకు వేరే భాష ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా పట్టుబట్టి దాన్ని నేర్చుకుని నిఘంటువు కూడా తయారుచేశారు. నువ్వు చెంచు కుర్రాడిచేత తెలుగులోనే మాట్లాడించు. ఆ సీను అప్పుడే నిజంగా భయపెడుతుంది.

నరబలి తీసెయ్. పంతొమ్మిదో శతాబ్దంలో ఒడిశా కొండల్లో కోందుల మధ్య జరిగిన మెరియా బలుల గురించి ఇంగ్లీషు అధికారులు రాసిపెట్టారు. అది కథల్లోకెక్కి, అడవిలో కనపడ్డ ప్రతివాళ్ళకూ అంటుకుంది. చెంచుల మెడకు దాన్ని కట్టకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. 1987లో ఒక పరిషత్తు పోటీకి రాసిన నాటకంలో దొంగ పాత్ర ఉండేది. ఊరికే దొంగ అంటే సరిపోయేది. నేను ఎరుకల దొంగ అని రాశాను. జనం చప్పట్లు కొట్టారు, బహుమతీ వచ్చింది. సామాను సర్దుకుంటుంటే మైకులు పెట్టినాయన దగ్గరికొచ్చి, "మాస్టారూ, ఇవాళ మా పిల్లాణ్ణి కూడా తీసుకొచ్చానండి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయనది స్టూవర్టుపురం. ఆ నాటకం మళ్ళీ ఆడనివ్వలేదు గానీ, ఆ పిల్లాడు చూసింది చూసేశాడు కదా.

తర్వాత ఆ ఊరు చాలాసార్లు వెళ్ళాను. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదలమీద, ఎడ్లమీద ఉప్పు వేసుకుని ఊరూరా అమ్మేవాళ్ళు. రైళ్ళొచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చి, పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేశారు. స్టూవర్టుపురం అలాంటివాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేత నడిపించిన సెటిల్‌మెంట్. హాజరు పలకాలి, అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరికి పడ్డ పేరు మాత్రం నా నాటకం దాకా వచ్చింది.

నీ వృత్తి కళ్ళతో ఒకసారి దీన్ని చూడు. రాత్రి హాజరులో తల్లి పేరు పిలిచారు, ఆమె లేదు. పదేళ్ళ పిల్ల చీకట్లో వెతికి, తెల్లారేలోపు తీసుకురావాలి. ఇందులో దెయ్యం ఇంకా రానేలేదు. నీ గేమ్‌లో భయపడేది ఎప్పుడూ కారులో వచ్చినవాళ్ళే. గూడెంలో నిలబడి చూస్తే ఆ కారు హెడ్‌లైట్లు ఎలా కనిపిస్తాయి?

ఇంకో సంగతి చెబుతాను, నచ్చితే వాడుకో. కొండ అంచున తేనె తీయడానికి చెంచులు తాడుమీద దిగుతారు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. తన అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమల కోసమైనా వదలడని నమ్మకం. నీ ఆటగాణ్ణి ఆ తాడుకు వేలాడదియ్యి. కింద లోయ, ముఖం చుట్టూ పొగ, తేనెటీగలు. పైనుంచి బామ్మర్ది గొంతు పిలుస్తుంది. కాసేపటికి లోయలోంచీ అదే గొంతు పిలుస్తుంది.

పెద్దల గేమ్ కదా అని ఆడవాళ్ళను అరకొర బట్టల్లో గీసిన బొమ్మలు తీసేయించు. 2012లో అండమాన్‌లో జరావా తెగ ఆడవాళ్ళకు తిండి ఆశ చూపి డాన్స్ చేయించిన వీడియో బయటికొచ్చి ఎంత గొడవైందో నీకు తెలిసే ఉంటుంది. గేమ్‌లో కెమెరా ఆటగాడి చేతికిస్తాం, అలాంటి చూపు మనమే ఇచ్చినట్టవుతుంది. ఇప్పుడు చెంచు ఆడవాళ్ళు కట్టేది చీరలు, కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. 1989 అట్రాసిటీ చట్టం ఉందని భయపడి ఇవన్నీ మార్చమనడం లేదు తల్లీ. ఆ మైకులాయన ముఖం నాకింకా గుర్తుంది.

అలాగని అందరినీ దేవుళ్ళను చేయకు. ఒక చెంచు మోసగాడు ఉండొచ్చు. పక్కనే వాణ్ణి తిట్టే తల్లి, అడ్డుపడే తమ్ముడు, పరాచికాలాడే ముసలమ్మా ఉండాలి.

విజయవాడ ఫ్లాట్‌లో కూర్చుని రాస్తే ఇవేవీ రావు. మాచర్ల వైపు చెంచు కుటుంబాలున్నాయి. శ్రీశైలంలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసుకెళ్ళి ముందుగా మాట్లాడు. పులుల అభయారణ్యం కాబట్టి లోపలికెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మొదటిరోజే కెమెరా తీయకు. గొంతులిచ్చినవాళ్ళకు విజయవాడ ఆర్టిస్టులకిచ్చే రేటే ఇవ్వు. విడుదలకు ముందు లాప్‌టాప్ తీసుకెళ్ళి వాళ్ళచేత ఆడించు, వద్దన్నది తీసెయ్. అలా మార్చడానికయ్యే ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో వేసుకో, చివర్లో డబ్బుల్లేవని అనకుండా.

వెళ్ళే రోజు చెప్పు, నేనూ వస్తాను. ఈలోగా 31వ పేజీలో ఆ ముసలమ్మ పాత్ర చూడు. 'ట్రైబల్ వుమన్ 2' అని రాశావు. ఆమెకో పేరు పెట్టి ఆ పేజీ మళ్ళీ పంపు.

మావయ్య
బ్రాడీపేట, గుంటూరు